గుట్టల మీది గరుసునేల

అనంతపురం నుండి పెనుకొండ దిశగా సాగే రహదారికి ఇరువైపులా గుట్టలు బారులు తీరి ఉంటాయి. వేసవిలో చూచిన వారికి అవి ఎండిన గడ్డితో, నల్లని గుండ్లతో, అక్కడక్కడ ముళ్ళపొదలతో బోసిగా తోస్తాయి. రెవెన్యూ దస్త్రాలలో ఈ భూములలో చాలా భాగం బంజరుగానో, పోరంబోకుగానో నమోదై ఉన్నది. 2000లో వెలువడిన దేశ బంజరు భూముల అట్లాసు కూడా పొదలున్న మిట్టలను, రాతినేలలను బంజరు కిందనే లెక్కించింది. ఆ గుట్టల నీడన బ్రతికే రైతులు, గొర్రెల కాపరులు మాత్రం దానిని గరుసునేల అంటారు. బంజరు అనే మాట ఆ భూమిలో పంట లేదని మాత్రమే తెలుపుతుంది. గరుసు అనే మాట అది ఎటువంటి నేలయో తెలుపుతుంది.

ఈ నేల పుట్టుక చాలా పురాతనమైన శిల నుండి జరిగింది. ఇక్కడి గ్రానైటు, నైసు శిలలు 250 కోట్ల సంవత్సరాలకు పైబడినవి. ఎండకు వేగి, వానకు తడిసి, రాత్రి చలికి బిగుసుకొని ఆ శిల క్రమంగా శిథిలమవుతుంది. అందులోని ఫెల్డ్‌స్పారు అనే ఖనిజం బంకమన్నుగా మారుతుంది. ఇనుము కలిగిన ఖనిజాలు త్రుప్పు పట్టి నేలకు ఎర్రని రంగు నిస్తాయి. పలుగురాయి మాత్రం దేనికీ లొంగదు. అది పలుకులుగా, గులకలుగా మిగిలిపోతుంది. కాలి కింద కరకరలాడే గరుసులో ఎక్కువ పాలు ఈ పలుగురాతి ముక్కలే.

సమతల భూమిలో అయితే ఈ మన్ను పుట్టినచోటనే పేరుకొని లోతెక్కి ఉండేది. వాలులో అది నిలువదు. ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాపున వర్షం కురుస్తుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ముందే అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. కురిసే కొద్దిపాటి వాన అయినా కొన్ని దినాలలోనే, జడివానగా కురుస్తుంది. ఆ ధాటికి మెత్తని బంక, ఒండ్రు కిందికి కొట్టుకొనిపోతాయి. బరువైన గరుసు పైన మిగులుతుంది. అందుచేతనే శిఖరం మీద జానెడు మన్ను, వాలు నడుమ మూరెడు, గుట్ట పాదం వద్ద నాగలికి అందేంత ఎర్రనేల, ఇంకా దిగువన చెరువులో నల్లని పూడిక కనిపిస్తాయి. విజయనగర కాలం నాటి బుక్కపట్నం చెరువు మొదలు ఊరూరా ఉన్న చిన్న కుంటల వరకు సీమ చెరువులు ఇటువంటి వాలుల నీటినే పట్టి నిలిపేవి. పూడికమన్నును రైతులు వేసవిలో బండ్ల మీద తోలుకొని చేలకు వేసుకొనేవారు. కొండ పోగొట్టుకొన్నదానిలో కొంత ఆ విధంగా చేలకు దక్కేది.

మృత్తికా శాస్త్రంలో రెండు మిల్లీమీటర్లకు మించిన కణాన్ని గరుసుగా పరిగణిస్తారు. ప్రయోగశాలకు వచ్చిన మన్నును ముందుగా ఆ కొలత గల జల్లెడతో జల్లించి, పైన మిగిలిన గరుసును పక్కన పెట్టి, కింద రాలిన మన్నును పరీక్షిస్తారు. గరుసు పాలును విడిగా లెక్కలోకి తీసుకోకపోతే ఇటువంటి నేల కాగితం మీద ఉన్నదానికంటె సంపన్నంగా కనబడుతుంది. దాని అసలు స్థితిని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ముప్పై సెంటీమీటర్ల లోతు గల నేలలో సగం గరుసే అనుకొంటే, నీటిని పట్టగల మన్ను పదిహేను సెంటీమీటర్లే. ఇసుక పాలెక్కువైన ఈ ఎర్రమన్ను సెంటీమీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున మొక్కకు అందే నీటిని నిలుపుకొన్నా, మొత్తం పదిహేను మిల్లీమీటర్లు. ఎండ కాచే నాడు నేల నుండి, ఆకుల నుండి ఐదు మిల్లీమీటర్ల నీరు ఆవిరి కాగలదు. నిండుగా తడిసిన నేల మూడు రోజులలో వట్టిపోతుందన్నమాట. మీటరు లోతు రేగడినేల 150 మిల్లీమీటర్లకు పైగా నిలుపుకొంటుంది. రెండు వానల నడుమ ఇరవై రోజుల ఎడం వస్తే రేగడిలోని పైరు తట్టుకొంటుంది. గరుసునేలలోని పైరు వాడిపోతుంది.

అయితే ఈ గరుసును కేవలం దోషంగా భావించడం తొందరపాటు. నేల మీద వదులుగా పరచుకొన్న రాళ్ళు వానచినుకు దెబ్బను తాము కాచుకొంటాయి. చినుకు నేరుగా తగిలితే మన్ను చెదిరి, సన్నని రేణువులు రంధ్రాలను మూసి, పైన పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన నేలలోకి నీరు ఇంకదు. రాతి కింద ఆ బాధ లేదు. రాయి మీద పడిన నీరు జారి దాని అంచున ఇంకుతుంది. రాయి కింద తడి త్వరగా ఆరదు. గడ్డి మొలక రాతి పక్కనే ముందుగా తలయెత్తడానికి కారణమిదే. అయితే పశువుల గిట్టల తొక్కిడికి నేల గట్టిపడి, రాళ్ళు పెచ్చులో బిగుసుకొనిపోతే ఫలితం తారుమారవుతుంది. అప్పుడు ఆ రాళ్ళే నీటిని ఇంకనీయక కిందికి జార్చివేస్తాయి.

మూడు రోజుల తడితో బ్రతుకగలిగేది ఏది? గడ్డి. వాన పడగానే అది చిగురిస్తుంది. తడి ఆరగానే పైభాగం ఎండి, దుబ్బు మాత్రం నేలలో నిద్రిస్తుంది. ఈ గుట్టల మీద పెరిగే బోదగడ్డితో పూరిళ్ళు కప్పుకొనేవారు. దాని పీచువేళ్ళు గరుసును అల్లుకొని మన్నును కదలనీయవు. రేగు, బలుసు, చండ్ర వంటి మొక్కలది మరొక మార్గం. వాటి వేళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి, అక్కడ దాగిన తడిని వెదకుకొంటాయి.

ఈ గడ్డి మీదనే గొర్రెల మందలు ఆధారపడి ఉన్నాయి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానంలో ఉన్నాయి. సీమలో కురుబలు తరతరాలుగా గొర్రెల పెంపకాన్ని వృత్తిగా చేసుకొన్నారు. పగలు గుట్ట మీద మేసిన మందను రాత్రి రైతు తన చేనిలో కట్టించుకొంటాడు. అందుకు కాపరికి ధాన్యమో, రూకలో ముట్టుతాయి. కొండ సారం ఎరువుగా మారి చేనికి చేరుతుంది. పంట లేదని దస్త్రాలు పక్కన పెట్టిన భూమి ఈ తీరున ఊరి పంటలో పాలు పంచుకొంటున్నది.

మంద మితిమీరితే మాత్రం ఆ పాలు ఇచ్చే శక్తి సన్నగిల్లుతుంది. ఏటేటా చిగురించే దుబ్బుగడ్డి మొదట పోతుంది. దాని స్థానంలో ఒక్క వానకాలం బ్రతికే పొట్టిగడ్డి వస్తుంది. ఆపైన పశువులు ముట్టని తంగేడు వంటివే మిగులుతాయి. చివరకు మన్ను బయటపడుతుంది. ఎండుగడ్డికి నిప్పంటుకొంటే ఈ క్రమం ఇంకా వేగిరమవుతుంది. వాలును దున్ని వేరుశనగ విత్తినచోట ఒకటి రెండు జడివానలకే సన్నని మన్ను తరలిపోతుంది. అంగుళం మన్ను మళ్ళీ ఏర్పడడానికి కొన్ని వందల ఏండ్లు పడుతుంది.

క్షీణించిన గరుసునేల కోలుకోవడం అసాధ్యం కాదు. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి చేరిన చెన్నేకొత్తపల్లి మండలంలో, ముష్టికోవెల పరిసరాల గుట్టలను 1990 దశకం మొదలుకొని గ్రామస్థులు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడ్పాటుతో కాపాడుతూ వచ్చారు. ఆ ప్రాంతానికి కల్పవల్లి అని పేరు. అక్కడ చేసిన పనిలో ఆడంబరం తక్కువ. నిప్పును అరికట్టారు. నరికివేతను మానిపించారు. విత్తనాలు చల్లారు. నేలలో మిగిలి ఉన్న మోళ్ళు చిగిర్చాయి. గడ్డి చిక్కబడింది. వాగుల వెంట ఈతచెట్లు పెరిగాయి. తోడేళ్ళు కూడా అక్కడ నివాసమేర్పరచుకొన్నాయి.

2010 తరువాత ఆ శిఖరాల మీద గాలిమరలు వెలిశాయి. గాలి నుండి విద్యుత్తు తీయడం మంచి పనియే. కాని భారీ పరికరాలను పైకి చేర్చడానికి వాలులను కోసి వెడల్పాటి బాటలు వేయవలసివచ్చింది. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన పవన విద్యుత్ పథకాలకు ముందస్తు అనుమతిని విధించలేదు. ఆ భూమి దస్త్రాలలో అడవి కాదు గనుక అటవీ అనుమతి ప్రశ్న కూడా రాలేదు. పేరుకు అది బంజరు.

ఇటువంటి గుట్టల మీద బాట కోసినచోట నేల నిలువుగా తెగి కనబడుతుంది. పైన జానెడు ఎర్రగరుసు, దానిలో అల్లుకొన్న గడ్డివేళ్ళు. కింద చేతితో నలిపితే పొడి అయ్యే మెత్తని రాయి. ఆ కింద గట్టిశిల. శిల పగులులోకి దిగిన రేగువేరు ఒక్కటి మాత్రం కోతకు అడ్డంగా తెగి వ్రేలాడుతుంటుంది.