స్పినాచ్‌లో ఇనుము: చదవని మూలానికి ఇచ్చిన ఉటంకింపు

స్పినాచ్‌లోని ఇనుము గురించి ఒక కథ శాస్త్ర రచనల్లో చాలాకాలంగా చెలామణిలో ఉంది. పందొమ్మిదవ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు దశాంశ బిందువును ఒక స్థానం పక్కన వేయడంతో ఇనుము శాతం పదిరెట్లు అధికంగా నమోదైందని, 1930లలో గాని ఆ తప్పు సరికాలేదని దాని సారాంశం. 1981లో టి. జె. హాంబ్లిన్ దీనిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రస్తావించారు. ఆధారం మాత్రం చూపలేదు. తరువాతివారికి ఆ జర్నల్ పేరే ఆధారమైంది. 2010లో మైక్ సటన్ మూలాన్ని అన్వేషించగా దశాంశ బిందువు పొరపాటుకు రుజువేదీ లభించలేదు. 2014లో ఓలే బ్యోర్న్ రెక్డాల్ ఈ ఉదంతాన్ని సోషల్ స్టడీస్ ఆఫ్ సైన్స్ పత్రికలో విశ్లేషించారు. విడ్డూరమేమిటంటే, శాస్త్రంలో అజాగ్రత్తను ఎత్తిచూపడానికి వాడిన కథే అజాగ్రత్తగా వ్యాపించింది.

స్పినాచ్‌లోని ఇనుమును శరీరం తక్కువగానే గ్రహిస్తుందన్నది వేరే విషయం, అది నిజమే. నిజమైన నిర్ణయానికి సైతం కల్పిత ఆధారం అతుక్కోగలదు. ఇక్కడ తెలుగు విద్యార్థికి మరొక చిక్కు ఉంది. మన సంతల్లో పాలకూరగా అమ్మేది ఎక్కువగా బీట్‌రూట్ జాతికి చెందిన బీటా వల్గారిస్. స్పినాచ్ అనేది స్పినాసియా ఒలెరేసియా. విదేశీ పట్టికలోని స్పినాచ్ అంకెను పాలకూర శీర్షిక కింద వేస్తే, ఉటంకింపు రూపం నిర్దుష్టంగా ఉన్నా విషయం తప్పుతుంది.

మూలాన్ని చదవకుండా ఉటంకించడం ఎంత విరివిగా జరుగుతుందో సిమ్‌కిన్, రాయ్‌చౌధురి 2003లో అంచనా వేశారు. వారి పద్ధతి సరళమైనది. ప్రసిద్ధమైన ఒక భౌతికశాస్త్ర పత్రానికి వచ్చిన సుమారు 4,300 ఉటంకింపుల్లో 196 అచ్చుతప్పులు కనబడ్డాయి; వాటిలో భిన్నమైనవి 45 మాత్రమే. ఒకే తప్పు పుట సంఖ్య 78 చోట్ల పునరావృతమైంది. అంతమంది స్వతంత్రంగా అదే పొరపాటు చేయడం అసంభవం. ఒకరి జాబితా నుంచి మరొకరు ఎత్తి రాశారన్నమాట. ఉటంకించేవారిలో దాదాపు 20 శాతం మందే మూలాన్ని చదువుతారని వారు తేల్చారు. ఈ అంచనాపై వాదాలు ఉండవచ్చు గాని, సిద్ధాంత గ్రంథాల్లో పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయాలను దిద్దిన ఆచార్యులెవరూ దీనికి ఆశ్చర్యపోరు.

విస్తరణ రంగంలో ఈ అలవాటు ఫలితం పొలం దాకా వెళ్తుంది. నల్లరేగడిలో, నీటి వసతి కింద, ఒక రకంపై వచ్చిన ఎరువు మోతాదు చేతులు మారేకొద్దీ ముందుగా నేల పేరును, తరువాత రకం పేరును కోల్పోతుంది. చివరకు కరపత్రంలో మిగిలేది హెక్టారుకు ఇన్ని కిలోలన్న అంకె ఒక్కటే. వర్షాధారపు ఎర్ర చల్క నేలల రైతు దానినే పాటిస్తాడు. మూలపత్రం చేతిలో ఉంటే ఆ షరతులు ఒక్క పేరాలో దొరుకుతాయి.

మూలం అందనప్పుడు మార్గం ఉంది: చదివిన గ్రంథాన్నే ఆధారాల జాబితాలో చేర్చి, మూల రచయిత మాట అందులో ఉదహరించబడిందని వాక్యంలోనే తెలపాలి. ఇది చిన్నతనమేమీ కాదు. అయితే వ్యవసాయ సిద్ధాంత గ్రంథాలకు కృషికోశ్ భాండాగారం, జర్నళ్లకు సెరా సదుపాయం ఉన్నందున, అందలేదని రాసే ముందు ఆ రెండింటిలో వెతకాలి. దొరికిన పత్రంలో ప్రయోగ స్థలం, ఋతువు, రకం, పుట సంఖ్య చదువుతున్నప్పుడే రాసి పెట్టుకోవాలి. గ్రంథం సమర్పించే వారంలో వాటి కోసం మళ్లీ తిరగడం ఎవరికీ సాధ్యం కాదు.