ఒక నివేదిక – అనేక సమాచార నిధులు

ఒక కళాశాలలో పరీక్షలకు ముందు కంప్యూటరు ఇచ్చిన నివేదికను ఊహించండి. ప్రతి విద్యార్థి పేరుకు ఎదురుగా హాజరు, చెల్లించిన రుసుము, వచ్చిన మార్కులు ఒకే వరుసలో ఉన్నాయి. కాని ఒక సెక్షనులోని విద్యార్థులందరి ఎదుట రుసుము సున్నా అని ఉంది. వారిలో పలువురి చేతుల్లో రసీదులున్నాయి. రుసుము వసూలు చేసిన గుమాస్తా లెక్క కూడా సరిగానే ఉంది. మరి ఈ సున్నాలు ఎక్కడివి?

చూచేవారికి నివేదిక ఒకే కాగితం. దాని వెనుక పలు సమాచార నిధులు, అనగా డేటాబేసులు, ఉండవచ్చు. విద్యార్థుల పేర్లు, రుసుములు మైఎస్‌క్యూఎల్‌లోను, హాజరు పోస్ట్‌గ్రెస్‌లోను, మార్కులు ఒరాకిల్‌లోను ఉన్నాయనుకుందాం. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే సిద్ధాంతాన్ని 1970లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించాడు. ఈ మూడూ ఆ మార్గాన నడిచేవే. అయినా వాటి సంభాషణ పద్ధతులు వేరు. అందువల్ల నివేదికల సాఫ్ట్‌వేరుకు డ్రైవరు అనే దుభాషి కావాలి. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఓడీబీసీ, 1997లో జావాతో వచ్చిన జేడీబీసీ ఇటువంటి దుభాషులకు ఉమ్మడి నియమాలను ఏర్పరచాయి.

దుభాషి దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. డేటాబేసుతో అనుసంధానం, అనగా కనెక్షను, ఏర్పడాలి. సాఫ్ట్‌వేరు తన పేరు, సంకేతపదం తెలుపుతుంది. డేటాబేసు వాటిని సరిచూచి, తన జ్ఞాపకశక్తిలో కొంత చోటు కేటాయిస్తుంది. ఇది ఖర్చుతో కూడిన పని. పోస్ట్‌గ్రెస్ సాధారణంగా 100 కనెక్షన్లను, మైఎస్‌క్యూఎల్ 151 కనెక్షన్లను మాత్రమే అనుమతిస్తాయి. కావాలంటే ఈ హద్దులను మార్చుకోవచ్చు.

ప్రతి ప్రశ్నకూ కొత్త కనెక్షను తెరవడం దుబారా. అందుచేత కొన్నింటిని ముందుగా తెరచి ఉంచి, అవసరమైనవారికి ఇచ్చి, పని ముగియగానే తిరిగి తీసుకుంటారు. ఈ ఏర్పాటును పూల్ అంటారు. గ్రంథాలయంలో పాఠ్యపుస్తకం ప్రతులు పరిమితంగా ఉన్నట్లే, పూల్‌లో కనెక్షన్లు కూడా పరిమితమే. హికారీసీపీ అనే జావా సాధనంలో మనం వేరుగా చెప్పకపోతే గరిష్ఠ సంఖ్య 10. కనెక్షను కోసం వచ్చినవారు 30 సెకన్లు వేచిచూచి, దొరకకపోతే దోషసూచనతో వెనుదిరుగుతారు. డేటాబేసులు మూడైతే పూల్‌లు కూడా మూడుండాలి. ఒకటి మందగించినా తక్కినవాటి పని అప్పుడు కుంటుపడదు.

మన నివేదికలో చిక్కు ఇక్కడే ఉంది. ప్రధాన నివేదిక పేర్ల జాబితా కోసం మైఎస్‌క్యూఎల్ పూల్‌నుండి ఒక కనెక్షను తీసుకొని చివరివరకు దానిని విడువలేదు. ప్రతి సెక్షను రుసుములకోసం ఒక ఉపనివేదిక అదే పూల్‌ను మరొక కనెక్షను అడుగుతుంది. పదిమంది అధ్యాపకులు ఒకేసారి నివేదిక కోరారనుకోండి. పది కనెక్షన్లూ పది ప్రధాన నివేదికల వశమయ్యాయి. పది ఉపనివేదికలూ రెండవదానికై ఎదురుచూస్తున్నాయి. ఎవరూ విడువరు, ఎవరికీ దొరకదు. పూల్‌లో 11 కనెక్షన్లుంటే ఈ ప్రతిష్టంభన రాదు: పదకొండవది అందుకున్న నివేదిక పని ముగించుకొని రెండింటినీ తిరిగి ఇస్తుంది, మరొకటి ముందుకు సాగుతుంది. ఒక్క కనెక్షను ఇంత మార్పు తేవడం వింతగా తోచవచ్చు; కాగితంపై లెక్కవేసి చూడండి. అయితే ప్రధాన నివేదిక కనెక్షనునే ఉపనివేదికకు కూడా అందించడం ఇంతకన్న మేలైన మార్గం.

మరొక చిక్కుకు ఇంత సులభమైన పరిష్కారం లేదు. హాజరును 10 గంటలకు, రుసుమును 10 గంటల 4 నిమిషాలకు చదివితే, నడుమ జరిగిన మార్పులు ఒకదానిలో చేరి మరొకదానిలో చేరవు. ఒకే డేటాబేసులోనైతే తగిన ట్రాన్సాక్షను ద్వారా ఒకే క్షణపు స్థితిని చదవవచ్చు. మూడింటికి కలిపి అటువంటి సదుపాయం సామాన్యంగా ఉండదు. కనుక కొన్ని సంస్థలు రాత్రివేళ అన్నింటినీ ఒకేచోటికి నకలు చేసుకొని, ఆ నకలునుండే నివేదికలు తీస్తాయి. అది కుదరనప్పుడు ఏ అంకె ఏ సమయానిదో నివేదిక అడుగున ముద్రించాలి.

ఇక ఆ సున్నాల సంగతి. ఆ సెక్షను ఉపనివేదికకు 30 సెకన్లలో కనెక్షను దొరకలేదు. ప్రోగ్రాము వ్రాసినవారు ఆ దోషసూచనను మరుగుపరచి, విలువ లేనిచోట సున్నా వేయమన్నారు. సున్నా అంటే చెల్లించలేదని అర్థం. ఖాళీ అంటే తెలియలేదని అర్థం. ఆ గడిలో “సమాచారం అందలేదు” అని ఉంటే, హాల్‌టికెట్లు ఆపడానికి ముందు గుమాస్తా రసీదు పుస్తకం తెరచి చూచేవాడు.