ప్లాస్టిక్‌లో గాజు పోగులు

డ్రిల్లింగ్ మిషన్ పిడి, కారు రేడియేటర్‌కున్న నల్లని ట్యాంకు మనం చూస్తూనే ఉంటాం. అవి ఉత్త ప్లాస్టిక్ కాదు. నైలాన్‌లో సాధారణంగా 30 శాతం గాజు పోగులు కలుపుతారు. ఒక్కో పోగు మందం సుమారు 10 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక కన్నా ఎంతో సన్నం.

నైలాన్ గుళికలను సుమారు 280 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి, గట్టి ఒత్తిడితో అచ్చులోకి పంపుతారు. దీన్నే ఇంజెక్షన్ మోల్డింగ్ అంటారు. అచ్చు గోడల దగ్గర పోగులు కాలువ నీటిలో గడ్డిపరకల్లా ప్రవాహం వెంట బారు తీరుతాయి. నడిమి పొరలో ఎక్కువగా అడ్డం తిరుగుతాయి. పోగులు సాగిన వైపు బలం ఎక్కువ, చల్లారేటప్పుడు కుదింపు తక్కువ. రెండు వైపులా కుదింపు ఒకేలా లేకపోవడంతో వస్తువు వంకర పోతుంది.

అసలు ప్రమాదం అతుకు దగ్గర ఉంది. రంధ్రం చుట్టూ చీలిన ప్రవాహాలు మళ్ళీ కలిసే చోట పోగులు అతుకును దాటవు, దాని వెంటే పడుకుంటాయి. పైకి సన్నని గీతే కనిపిస్తుంది. బోల్టు బిగిస్తే పగులు అక్కడే మొదలవుతుంది. గాజు ఎక్కువ కలిపినా ఆ అతుకు బలపడదు. కాబట్టి ప్లాస్టిక్ ఎటునుంచి రావాలి, అతుకు ఎక్కడ పడాలి అన్నది అచ్చు చేయకముందే నిర్ణయించుకోవాలి.

ఈ పనిపై ఆసక్తి ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పదో తరగతి తర్వాత సిపెట్ డిప్లొమా కోర్సుల గురించి తెలుసుకోవాలని కోరుతున్నాం.