నగిషీ లేని తుపాకీ జాతకం

ఎన్నికల కోడ్ వచ్చిందంటే నర్సంపేట చుట్టుపక్కల లైసెన్సుదారులు తమ తుపాకులను పోలీస్ స్టేషన్‌లో జమ చేస్తారు. కాగితాల్లో వాటిలో చాలావాటి వివరం ఒక్క ముక్కే: డీబీబీఎల్, 12 బోర్. అంటే వెనక నుంచి తూటా పెట్టే జంట గొట్టాల తుపాకీ. ఒక పౌను సీసాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం లోపలి వెడల్పూ అంత, దాదాపు 18.5 మిల్లీమీటర్లు.

1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్ వేటకు దిగింది పక్కనే ఉన్న నెక్కొండలో. రాజా దీన్‌దయాళ్ తీసిన ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి దొరల తుపాకుల మీద పూలతీగలు, పక్షులు చెక్కి ఉండేవి. ఇళ్లలో వారసత్వంగా మిగిలినవాటిలో మాత్రం ఏ నగిషీ లేని నున్నటి ఇనుమే ఎక్కువ. వాటిని నాసిరకమని తీసిపారేయడం తప్పు. ఇంగ్లండులో అడవి కాపలాదారుల కోసం సాదా తుపాకులు చేసేవారు. నగిషీ వద్దని కోరి చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. పనితనం చూడాల్సింది చెక్కడంలో కాదు, గొట్టాలు మూసినప్పుడు అతుకు ఎంత బిగువుగా కుదిరిందో అక్కడ.

పైనున్న పేరునూ నమ్మలేం. బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో పేరు లేకుండా తయారైన తుపాకులకు దుకాణదారులు తమ పేరు చెక్కించుకునేవారు. మద్రాసు గడియారాల దుకాణం పి. ఓర్ అండ్ సన్స్ పేరుతోనూ తుపాకులున్నాయి.

అసలు కథంతా గొట్టాల అడుగునే ఉంటుంది. ముందు తూటాలు లేవని రూఢి చేసుకుని, గొట్టాలు విడదీసి తిరగేయాలి. అమ్మకానికి ముందు మామూలుకన్నా ఎక్కువ మందు కూరి పేల్చి, తట్టుకున్న గొట్టానికే ప్రూఫ్ హౌస్ అనే పరీక్షశాల ముద్ర కొట్టేది. బర్మింగ్‌హామ్‌లో ఇది 1813 చట్టంతో మొదలైంది. మూతి దగ్గర సన్నబడే గొట్టం మీద ‘నాట్ ఫర్ బాల్’ అని ఉంటే ఆ తుపాకీ 1875-1887 మధ్యది. ఆ తర్వాత అదే చోట ‘చోక్’ అని కొట్టారు. 1921 నుంచి బర్మింగ్‌హామ్ ఏడాదికో అక్షరం వేసింది. పైన ఎంత ఇంగ్లిష్ పేరున్నా, అడుగున కోడిగుడ్డు ఆకారంలో ‘ఇ.ఎల్.జి.’ కనిపిస్తే దాని పుట్టిల్లు బెల్జియంలోని లీజ్.

ఆ ముద్రల పక్కనే ఉండే సీరియల్ నంబరు నాకు అన్నిటికన్నా విలువైనది. పర్డీ లాంటి కంపెనీలు చేసిన ప్రతి తుపాకీనీ ఖాతా పుస్తకంలో రాసిపెట్టాయి: గొట్టం పొడవు, మడమ కొలత, కొన్నవారి పేరు, పంపిన తేదీ. విన్‌చెస్టర్, మార్లిన్, ఎల్.సి. స్మిత్ తుపాకుల ఖాతాలను అమెరికాలో కోడీ పట్టణంలోని మ్యూజియం భద్రపరిచింది, నంబరు చెబితే వెతికిపెడుతుంది. ‘నగిషీ వద్దు’ అన్న కోరికను ఆనాడు ఎవరైనా నమోదు చేసి ఉంటే, అదీ ఆ వరసలోనే దొరుకుతుంది. అన్ని కంపెనీల పుస్తకాలూ మిగల్లేదు; అలాంటప్పుడు సాక్ష్యంగా మిగిలేవి గొట్టాల అడుగునున్న ఆ ముద్రలూ నంబరే. అందుకే తుప్పు కనబడగానే ఆకురాయి పట్టి ఆ చోటు రుద్దకండి. నూనె గుడ్డతో మెల్లగా తుడిచి, పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటో తీయండి.