పాడి పశువులలో కీటోసిస్: మూత్ర పరీక్ష, పశువైద్య సహాయం పొందవలసిన సమయం

నిజాంసాగర్ ఆయకట్టు కింద విస్తరించిన చెరకు సాగు ఆధారంగా 1930వ దశకంలో బోధన్ సమీపాన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. 2015 డిసెంబరులో అది మూతపడిన తరువాత కూడా చెరకు పండించే గ్రామాలలో కోత కాలంలో లభించే చెరకు మొవ్వ పాడి పశువులకు మేతగా ఉపయోగపడుతున్నది. గేదెలు ఎక్కువగా ఈనేది వానాకాలం చివరి నుండి చలికాలం వరకు. పాల దిగుబడి పెరిగే ఈ దశలో మాంసకృత్తులు, జీర్ణమయ్యే శక్తి తక్కువగా గల మొవ్వ, వరిగడ్డిపైనే ఆధారపడితే కీటోసిస్‌కు అవకాశం ఏర్పడుతుంది.

కీటోన్లు ఏర్పడే విధానం

ఈనిన తొలి ఆరు వారాలలో పాలలోని చక్కెర తయారీకి గ్లూకోజ్ అధికంగా అవసరమవుతుంది. మేత ద్వారా లభించే శక్తి చాలనప్పుడు శరీరంలోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అక్కడ ఎసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్, ఎసిటోన్ అనే కీటోన్లు ఏర్పడి రక్తం, పాలు, మూత్రంలోకి వస్తాయి. మధుమేహం గల మనుషులలో ఇన్సులిన్ కొరత వలన రక్తంలో గ్లూకోజ్ సాధారణంగా పెరిగి ఉండగా కీటోన్లు చేరుతాయి; పాడి పశువులలో గ్లూకోజ్ తగ్గడమే ప్రధాన లక్షణం.

మూత్ర పరీక్ష

రోథెరా పరీక్షలో మూత్రానికి అమోనియం సల్ఫేట్, సోడియం నైట్రోప్రుస్సైడ్ కలిపి, పైన అమోనియా ద్రావణం పోస్తారు. ఊదారంగు వలయం ఏర్పడితే కీటోన్లు ఉన్నట్లు. మందుల దుకాణాలలో దొరికే కీటోన్ పట్టీలు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి. ఇవి ప్రధానంగా ఎసిటోఅసిటేట్‌ను గుర్తిస్తాయి. బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌ను గుర్తించవు. పాలలో కంటే మూత్రంలో కీటోన్ల గాఢత ఎక్కువ కనుక, ఆరోగ్యంగా మేసే పశువులో లేత రంగు కనిపించినంత మాత్రాన వ్యాధిగా నిర్ణయించరాదు. లక్షణాలతో కలిపి పరిశీలించాలి. రక్తంలో బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ లీటరుకు 1.2 మిల్లీమోల్స్ దాటితే బాహ్య లక్షణాలు లేకున్నా కీటోసిస్‌గా పరిగణిస్తారు.

బెల్లం సరైన చికిత్స కాదు

పశువు నీరసించగానే బెల్లం లేదా మొలాసిస్ తాగించడం పరిపాటి. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను పులియబెడతాయి కనుక అది గ్లూకోజ్‌గా రక్తంలోకి చేరదు. పైగా ఈ క్రియలో ఏర్పడే బ్యుటిరేట్ నుండి మరిన్ని కీటోన్లు తయారవుతాయి. అధిక మోతాదులో ఇస్తే పొట్టలో ఆమ్లత్వం పెరుగుతుంది. అందువలన పశువైద్యులు డెక్స్‌ట్రోజ్‌ను రక్తనాళం ద్వారా ఎక్కించి, ప్రొపిలీన్ గ్లైకాల్‌ను నోటి ద్వారా తాగిస్తారు.

పశువైద్యుని ఎప్పుడు సంప్రదించాలి?

• పశువు దాణా మానివేసి గడ్డి మాత్రమే తింటూ, పాలు ఒక్కసారిగా తగ్గి, పరీక్షలో ముదురు ఊదారంగు వచ్చినపుడు అదే రోజున సంప్రదించాలి.
• గుండ్రంగా తిరగడం, గోడకు తల ఆనించడం, అదేపనిగా నాకడం, తూలడం కనిపించినా, పశువు లేవలేకపోయినా తక్షణమే పిలిపించాలి.
• జ్వరం, దుర్వాసనతో కూడిన గర్భాశయ స్రావం, పొదుగువాపు ఉంటే కీటోసిస్ మరొక వ్యాధి పర్యవసానం కావచ్చు. మూల కారణానికి చికిత్స తప్పనిసరి.

తెలంగాణలో 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవలు పొందవచ్చు.

నివారణ

ఈనే సమయానికి పశువు మరీ కొవ్వు పట్టకుండా చూడాలి. ఈనడానికి రెండు, మూడు వారాల ముందు నుండి దాణాను క్రమంగా పెంచాలి. చెరకు మొవ్వను పప్పుజాతి పశుగ్రాసం, దాణా, ఖనిజ మిశ్రమంతో కలిపి మేపాలి. విస్తరణ సిబ్బంది ఈనిన పశువులను తొలి ఆరు వారాలలో పరీక్షింపజేస్తే, పాల దిగుబడి పడిపోకముందే వ్యాధిని గుర్తించవచ్చు.