సీసాలో ఎక్కేది ఉత్త గ్లూకోజు కాదు.. పసికందు బువ్వ!

‘పాలు కూడా పట్టొద్దంటే ఎలా బతుకుతుందమ్మా?’ పుట్టిన మర్నాడే బిడ్డను ఆపరేషన్‌కు తీసుకెళుతుంటే అమ్మమ్మలు నర్సును నిలదీసే మాట ఇది. హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా తెలుగింటి పెద్దావిడ అడిగేది ఇదే.

అడగాల్సిన ప్రశ్నే. పేగు మూసుకుపోయి పుట్టిన బిడ్డకు పాలు పడితే కిందికి దిగవు. పచ్చటి పసరు కక్కేస్తుంది. ఆపరేషన్ అయినా పేగు మళ్లీ కదలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అన్నాళ్లూ మామూలు గ్లూకోజుతో నెట్టుకురావడం కుదరదు. పది శాతం గ్లూకోజు వంద మిల్లీలీటర్లు ఎక్కిస్తే వచ్చేది 34 క్యాలరీలే. మూడు కిలోల బిడ్డకు రోజుకు దాదాపు 300 కావాలి. పైగా అందులో మాంసకృత్తులు లేవు. బిడ్డ తన కండనే కరిగించుకుంటుంది.

అందుకే నరం ద్వారా పూర్తి ఆహారం ఇస్తారు. చిక్కటి గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, ఉప్పులు, విటమిన్లు ఉంటాయి. పాలలా తెల్లగా కనిపించేది కొవ్వు. ఇంత చిక్కటి ద్రవం చేతి నరంలోకి పంపితే నరం మండి దెబ్బతింటుంది. కాబట్టి సన్నటి గొట్టాన్ని గుండె దగ్గరి పెద్ద సిర దాకా పంపుతారు.

ఇది సాధ్యమేనని తేలింది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో. డాక్టర్ స్టాన్లీ డడ్రిక్, డాక్టర్ డగ్లస్ విల్‌మోర్ బృందం ముందు కుక్కపిల్లలను ఇలా పెంచి చూసింది. 1967లో చిన్నపేగు దాదాపు లేకుండా పుట్టిన ఓ ఆడబిడ్డకు మెడ నరం గుండా ఆహారం ఇచ్చారు. చిక్కిపోయిన పిల్ల బరువు పెరిగింది, పొడుగూ సాగింది. చివరికి దక్కలేదు గానీ, ఆ తర్వాత ఎందరో పిల్లలకు దారి చూపింది.

ఇబ్బందులూ తక్కువేం కాదు. ఆ గొట్టం గుండా సూక్ష్మక్రిములు చేరితే నేరుగా రక్తంలోకే. అందుకే చేతులు కడగనిదే దగ్గరికి రానివ్వరు. చుట్టాలు చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. వారాల తరబడి సాగితే కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడొచ్చు. రక్తపరీక్షలు మాటిమాటికీ చేసేది అందుకే.

ఈలోగా తల్లి చేయాల్సిన పని ఒకటుంది. బిడ్డ తాగకపోయినా రెండు మూడు గంటలకోసారి పాలు పిండి, ఆసుపత్రివాళ్లు చెప్పినట్టు దాచాలి. లేకపోతే పాలు ఎండిపోతాయి. పసరు తగ్గి, బిడ్డ విరేచనం చేసిందంటే డాక్టర్లు ఆ పాలే అడుగుతారు. మొదట ముక్కు గొట్టంలో ఒకటి రెండు మిల్లీలీటర్లే. అవి ఇమిడితే ఇంకాస్త. పాలు పెరిగేకొద్దీ సీసా తగ్గిస్తారు.