మందుకూ 49.3, ఉత్తుత్తి మాత్రకూ 49.3

నొప్పికి 21, మూత్రం ఇబ్బందికి 10, బతుకు మీద దాని దెబ్బకు 12. మొత్తం 43 మార్కులు. ఎంత ఎక్కువొస్తే రోగి అంత కష్టంలో ఉన్నట్టు. దీర్ఘకాలిక ప్రోస్టటైటిస్‌ను, అంటే ఏళ్ల తరబడి వేధించే ప్రోస్టేట్ వాపు జబ్బును, కొలవడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1999లో తెచ్చిన 13 ప్రశ్నల పట్టిక ఇది. అందులో రక్తపరీక్షా లేదు, స్కానూ లేదు. వృషణాలకూ మలద్వారానికీ మధ్య నొప్పి ఉందా, వీర్యం పడేటప్పుడు నొప్పి ఉందా, మూత్రం పోసి రెండు గంటలైనా కాకముందే మళ్లీ పరిగెత్తాల్సి వస్తోందా, ఇక జీవితమంతా ఇలాగే ఉంటే ఎలా అనిపిస్తుంది? రోగి నోటిమాటే కొలత. ఇంతకంటే నమ్మదగ్గ పరీక్ష లేదు మరి.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. వివిధ దేశాల సర్వేలన్నీ కలిపి 2008లో లెక్కకడితే ఇలాంటి లక్షణాలు మగవాళ్లలో సగటున 8.2 శాతం మందికి ఉన్నట్టు తేలింది. వయసు మీద పడ్డాక వచ్చే ప్రోస్టేట్ పెరుగుదలా కాదు, క్యాన్సరూ కాదు. యాభై లోపు వాళ్లనీ వదలదు. ప్రోస్టటైటిస్‌ను 1995లో నాలుగు రకాలుగా విడదీశారు. మొదటిది హఠాత్తుగా వచ్చే ఇన్ఫెక్షన్, రెండోది తిరగబెడుతూ ఉండే ఇన్ఫెక్షన్, నాలుగోది ఏ బాధా లేకుండా పరీక్షలో బయటపడేది. బాధతో డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్లలో సుమారు 90 శాతం మందిది మూడో రకం. గత ఆరు నెలల్లో కనీసం మూడు నెలలు పొత్తికడుపు కింద నొప్పి ఉంటుంది, కల్చర్‌లో మాత్రం క్రిమి దొరకదు.

రోగి పాట్లన్నీ ఆ దొరకని క్రిమి చుట్టూనే. మన దగ్గర కథ సాధారణంగా “వేడి చేసింది”తో మొదలవుతుంది. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు, మజ్జిగ అయ్యాక మెడికల్ షాపులో ఐదు రోజుల యాంటీబయాటిక్. కాస్త తగ్గుతుంది, నెలకు మళ్లీ వస్తుంది. యూరిన్ కల్చర్, అల్ట్రాసౌండ్, ఎందుకైనా మంచిదని ప్రోస్టేట్ క్యాన్సర్ జాడ వెతికే పీఎస్ఏ రక్తపరీక్ష. అది కొంచెం పెరిగి కనిపిస్తే క్యాన్సర్ భయం అదనం, ఎందుకంటే ప్రోస్టేట్ వాచినా పీఎస్ఏ పెరగొచ్చు. చివరికి “రిపోర్టులన్నీ నార్మల్, టెన్షన్ పెట్టుకోకండి” అన్న మాట. బండి మీద అరగంట కూర్చోలేని మనిషికి అది ఊరట కాదు, అవమానం. భార్యకు చెప్పలేక, స్నేహితులకు చెప్పలేక, గోడల మీద గుప్తరోగాల ప్రకటన చూసి వెళ్తే అక్కడ “ధాతువు పోతోంది” అంటారు. నొప్పికి తోడు సిగ్గు కూడా అంటుకుంటుంది.

క్రిమి సంగతే చూద్దాం. మూడో రకం రోగులు 463 మందినీ, ఏ బాధా లేని 121 మందినీ పరీక్షించిన అధ్యయనం 2003లో వచ్చింది. ప్రోస్టేట్‌లో ఇన్ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియా రోగుల్లో 8 శాతం మందికి ఉంది. ఆరోగ్యవంతుల్లో 8.3 శాతం మందికి ఉంది. ఈ రెండంకెలూ పక్కపక్కన చూశాక కూడా, కల్చర్‌లో ఏమీ రాని రోగికి యాంటీబయాటిక్ మూడో కోర్సు, నాలుగో కోర్సు రాసే డాక్టర్ సమాధానం చెప్పాల్సిందే అని నా అభిప్రాయం. మరుసటేడు, సగటున 6.2 ఏళ్లుగా బాధపడుతున్న 196 మందికి ఆరు వారాలు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, మూత్రదారిని సడలించే టామ్సులోసిన్, రెండూ కలిపి, లేదా మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. పైగా సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు మందులు కండర బంధనాలను, నరాలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. బ్యాక్టీరియా లేని ప్రోస్టటైటిస్‌కు వీటిని వాడొద్దని ఐరోపా మందుల సంస్థ 2018లో పేరుపెట్టి మరీ చెప్పింది.

అయితే “నాకు ఫలానా మందుతో తగ్గింది” అని ఒట్టేసి చెప్పే రోగులు అబద్ధమాడుతున్నారా? లేదు. 2008లో 272 మంది మీద జరిగిన ప్రయోగం దీన్ని విప్పి చూపిస్తుంది. సగం మందికి టామ్సులోసిన్ కోవకే చెందిన అల్ఫుజోసిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, 12 వారాలు. స్కోరు కనీసం 4 మార్కులు తగ్గితే మెరుగైనట్టు లెక్క. అల్ఫుజోసిన్ మింగినవాళ్లలో 49.3 శాతం మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలోనూ సరిగ్గా 49.3 శాతమే! ఈ జబ్బు ఆటుపోట్లలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనిషి డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది బాధ శిఖరాన ఉన్నప్పుడే కాబట్టి, ఆ తర్వాత ఏం మింగినా కొంత దిగే అవకాశం ఎక్కువ. పట్టించుకునే డాక్టర్ దొరికాడన్న భరోసా కూడా పనిచేస్తుంది. అలా ఒకరికి హోమియో, ఒకరికి కషాయం, ఒకరికి ఖరీదైన యాంటీబయాటిక్ ప్రాణదాత అవుతాయి. దీన్నిబట్టి నొప్పి ఉత్తదే అనుకుంటే పొరపాటు. మెరుగైనవాళ్లు సగమైతే, మిగతా సగం 12 వారాల తర్వాత కూడా అదే బాధలో ఉన్నారు.

పోటీలో ఉత్తుత్తిదాన్ని దాటిన చికిత్సలూ ఉన్నాయి. చైనాలో 440 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఎనిమిది వారాల్లో 20 సార్లు ఆక్యుపంక్చర్ చేస్తే 60.6 శాతం మందికి స్కోరు 6 మార్కులో అంతకన్నా ఎక్కువో తగ్గింది. ఉత్తుత్తి సూదులు పొడిచినవాళ్లలో అది 36.8 శాతం. ఆ తేడా చికిత్స ఆపాక ఆరు నెలల వరకూ నిలిచిందని 2021లో ప్రకటించారు. చాలామంది రోగుల్లో మూత్రాశయాన్ని కిందినుంచి మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. వాటిని చేత్తో సడలించే ఫిజియోథెరపీతో 57 శాతం, మామూలు మసాజ్‌తో 21 శాతం మెరుగయ్యారు. కాకపోతే ఆ అధ్యయనంలో ఆడా మగా కలిపి ఉన్నది 47 మందే.

ఇప్పుడు పట్టు దొరుకుతున్నది రోగిని ఆరు వైపుల నుంచి చూసే పద్ధతికి: మూత్రం, మనసు, ప్రోస్టేట్, ఇన్ఫెక్షన్, నరాలు, కండరాలు. ఎవరికి ఏది ఉంటే దానికే చికిత్స. ఇలా చూసిన వంద మందిలో 84 మందికి కనీసం 6 మార్కులు తగ్గాయి. పోల్చడానికి ఉత్తుత్తి బృందం లేదు కాబట్టి ఈ 84ను కొంచెం తగ్గించే చదువుకోవాలి.

కల్చర్‌లో ఒకే క్రిమి పదేపదే దొరుకుతుంటే అది రెండో రకం. అక్కడ నాలుగు నుంచి ఆరు వారాల యాంటీబయాటిక్ అవసరమే. చలిజ్వరంతో మూత్రం బిగిస్తే మాత్రం అది మొదటి రకం కావొచ్చు, పట్టికలూ స్కోర్లూ పక్కనపెట్టి ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.